చలికి పొంగే నేలపై చెదరని ముంగిలి

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన ఇంటి ముంగిలి నాలుగు నెలలపాటు మంచు కింద అణగి ఉండి, వసంతం రాగానే అలలు అలలుగా పైకి లేస్తే ఎలా ఉంటుందో ఆ పెద్దలకు తెలిసే అవకాశం లేదు. చికాగో, డిట్రాయిట్, మినియాపొలిస్, టొరాంటో పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామందికి ఇది అనుభవంలోకి వచ్చిన విషయమే.

ఒక దృశ్యాన్ని ఊహించుకోవచ్చు. పదేళ్ళు అద్దె ఇళ్ళలో గడిపిన కుటుంబం సొంత ఇల్లు కొనుక్కుంది. పెరటి తలుపు ముందు కాంక్రీటు పేవర్ రాళ్ళతో చక్కని పేషియో, గరాజు ముందు అదే రాళ్ళతో డ్రైవ్‌వే వేయించుకుంది. దీపావళికి వచ్చిన అతిథులందరూ మెచ్చుకున్నారు. ఫిబ్రవరిలో పెరటి తలుపు బయటకు తెరుచుకోవడం మానేసింది. కింద రాళ్ళు అంగుళంన్నర పైకి లేచి తలుపు అంచుకు తగులుతున్నాయి. ఏప్రిల్‌లో ఆ రాళ్ళు దిగాయి గాని, అన్నీ ఒక్కతీరుగా దిగలేదు. కొన్నిచోట్ల గుంటలు పడి నీరు నిలిచింది, కొన్నిచోట్ల అంచులు నిక్కి నిలబడ్డాయి. మే నెలలో గుంటూరు నుండి వచ్చిన అమ్మమ్మగారు తెల్లవారుజామున తులసి కుండీకి నీళ్ళు పోయడానికి వెళ్ళి ఆ అంచు తగిలి తూలిపడ్డారు. దెబ్బ పెద్దది కాకపోవడం అదృష్టం.

అమెరికాలో వికలాంగుల సౌకర్యార్థం ఏర్పడిన ప్రమాణాల ప్రకారం, బహిరంగ స్థలాలలోని నడకదారిలో పావు అంగుళానికి మించిన నిట్టనిలువు ఎత్తుతేడా ఉండరాదు; అంతకు మించితే, అర అంగుళం వరకు, ఆ అంచును వాలుగా చెక్కాలి. సొంత ఇంటి పెరటికి ఆ నిబంధన వర్తించదు. కాని వృద్ధుల పాదం ఎంత తేడాకు తడబడుతుందో చెప్పడానికి అది మంచి కొలబద్ద. ముంగిలిని సరిగా వేయడం కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు.

ముంగిలి చరిత్ర

రాళ్ళు పరిచి బాట వేయడం ప్రాచీన విద్య. క్రీ.పూ. 312లో ఆరంభమైన రోమన్ల ఆపియన్ మార్గంలో కొన్ని భాగాలు నేటికీ నడవడానికి యోగ్యంగా ఉన్నాయి. పైకి కనిపించే పెద్ద బండల కింద పొరలు పొరలుగా కంకర, రాతిముక్కలు నింపి దట్టించడమే వారి రహస్యం. రెండవ ప్రపంచ యుద్ధానంతరం నెదర్లండ్స్‌లో ఇటుకలకు కరువు ఏర్పడినప్పుడు, వాటికి బదులుగా కాంక్రీటు దిమ్మెలతో వీధులు పరవడం ప్రబలింది. జర్మనీలో ఆ పద్ధతి మరింత అభివృద్ధి చెంది, 1970లలో ఉత్తర అమెరికాకు చేరింది.

తెలుగునాట తాండూరు, బేతంచెర్ల, కడప బండలను గట్టిపరచిన నేలపై ఇసుకో సున్నమో పరిచి దాని మీద వేసే ఆచారం అందరికీ తెలిసినదే. అక్కడ అది చాలు. ఎందుకంటే అక్కడ నేల గడ్డకట్టదు. అయితే నేల కదలడమన్నది తెలుగువారికి బొత్తిగా కొత్త కాదు. నల్లరేగడి భూముల్లో ఇళ్ళు కట్టినవారికి వేసవిలో నెర్రెలు విచ్చడం, వానలకు ఉబ్బడం, గోడలు బీటలు వారడం అనుభవమే. అక్కడ మట్టిలోని బంకకణాలే నీటిని పీల్చి ఉబ్బుతాయి. శీతల దేశాలలో నేలను ఎత్తేది మట్టి కాదు, అందులో పుట్టే మంచు. రెండుచోట్లా అసలు పాత్రధారి నీరే.

నేల ఎందుకు పొంగుతుంది?

నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుందని బడి పిల్లలకు కూడా తెలుసు. ఫ్రీజరులో నిండుగా నీళ్ళు పోసిన సీసా పగలడం అందుకే. నేల పొంగడానికి కారణం కూడా ఇంతేనని చాలాకాలం భావించారు. కాని ఒక చిన్న లెక్క వేస్తే ఆ సమాధానం చాలదని తెలుస్తుంది.

40 అంగుళాల లోతు వరకు గడ్డకట్టిన నేలలో నూటికి 40 వంతులు నీరే ఉందనుకున్నా, ఆ నీటి మందం 16 అంగుళాలు. దానిలో 9 శాతం అంటే దాదాపు అంగుళంన్నర. పైగా ఇది నేల పూర్తిగా నీటితో నిండి ఉండి, ఒక్క చుక్క కూడా పక్కకు జారిపోనప్పటి లెక్క. వాస్తవంలో శీతల ప్రాంతపు రహదారులు కొన్నిచోట్ల ఇంతకు రెండు మూడింతలు లేవడం చూశారు. ఆ అదనపు ఎత్తు ఎక్కడి నుండి వస్తున్నది?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పిన వారిలో ముఖ్యుడు సౌత్ కెరొలినా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యుడైన స్టీఫెన్ టేబర్. 1929, 1930 సంవత్సరాలలో ప్రకటించిన పరిశోధనలలో ఆయన ఒక విచిత్రమైన ప్రయోగం వివరించాడు. మట్టిని నీటితో కాక బెంజీనుతో తడిపి పైనుండి గడ్డకట్టించాడు. బెంజీను గడ్డకట్టినప్పుడు నీటివలె వ్యాకోచించదు, సంకోచిస్తుంది. అయినా మట్టి పొంగింది! నేల పొంగడానికి వ్యాకోచం ప్రధాన కారణం కాదని దీనితో తేలిపోయింది.

అసలు కారణం ఇది. చలి పైనుండి కిందికి దిగుతుంది. నేలలో ఒక లోతు వద్ద ఉష్ణోగ్రత 32 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అనగా 0 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అక్కడ మంచు ఏర్పడుతుంది. కాని మంచుకూ మట్టిరేణువుకూ మధ్య అతి పలుచని నీటిపొర ఒకటి గడ్డకట్టకుండా మిగిలి ఉంటుంది. ఆ పొర కింది నుండి మరింత నీటిని లాగుతుంది. వచ్చిన నీరు వచ్చినట్లే మంచులో చేరిపోతుంది. ఈ విధంగా మంచు ఒకేచోట పోగుపడి పలకలు పలకలుగా, మధ్యలో దళసరిగా అంచుల్లో పలుచగా ఎదుగుతుంది. వీటినే మంచు కటకాలు అంటారు. ఒక్కొక్క కటకం వెంట్రుకంత పలుచగా ఉండవచ్చు, కొన్ని అంగుళాల మందం కూడా ఉండవచ్చు. వాటి మొత్తం మందం ఎంతో, పైనున్న నేల ఇంచుమించు అంత పైకి లేస్తుంది.

వత్తి, నూనె, దీపం

దీనిని గ్రహించడానికి ప్రమిదలో దీపాన్ని మించిన ఉపమానం లేదు. వత్తి కొసన మంట నూనెను హరిస్తూ ఉంటే, అడుగునుండి కొత్త నూనె వత్తిలోని సన్నని సందుల గుండా పైకి ఎక్కుతూ ఉంటుంది. నేలలో మంట స్థానంలో చలిరేఖ ఉన్నది. నూనె స్థానంలో భూగర్భజలం. వత్తి స్థానంలో మట్టి. ప్రమిదలో నూనె ఉన్నంతసేపు దీపం వెలిగినట్లే, కింద నీరు అందుతున్నంతకాలం కటకం పెరుగుతుంది. నూనె అడుగంటితే దీపం కొండెక్కుతుంది.

అన్ని వత్తులూ ఒకేలా నూనె పీల్చవు. అన్ని మట్టులూ ఒకేలా పొంగవు. ముతక ఇసుకలోను, కడిగిన కంకరలోను సందులు పెద్దవి. అవి నీటిని పైకి లాగలేవు. వాటిలో నీరు కిందికి జారిపోతుంది. బంకమట్టిలో సందులు మరీ సూక్ష్మం. లాగే బలం మిక్కుటంగా ఉన్నా, బిగించి పేనిన వత్తిలో వలె నీరు మెల్లగా మాత్రమే సాగుతుంది. ఈ రెండింటికీ మధ్యనున్న ఒండ్రుమట్టిలో లాగే బలమూ ఉంది, నీటికి దారీ ఉంది. అందుచేత అన్నింటిలోనూ ఎక్కువగా పొంగేది ఒండ్రుమట్టే. 1931లో ఆర్థర్ కసాగ్రాండే అనే ఇంజనీరు ఒక స్థూలసూత్రం చెప్పాడు. రకరకాల పరిమాణాల రేణువులు కలిసిన మట్టిలో 0.02 మిల్లీమీటర్ల కన్న సన్నని రేణువులు బరువులో 3 శాతం మించితే ఆ నేల పొంగే అవకాశం ఉందని దాని సారాంశం. కంకరలో కొద్దిపాటి దుమ్ము కలిసినా ఎంత ప్రమాదమో ఈ 3 శాతమే చెబుతుంది.

కాబట్టి నేల పొంగడానికి మూడు విషయాలు ఏకకాలంలో సమకూడాలి: గడ్డకట్టే చలి, నీటిని పీల్చే సన్నని మట్టి, అందుబాటులో నీరు. వీటిలో ఏ ఒక్కటి లోపించినా పొంగు లేదు. చలిని ఆపడం మానవసాధ్యం కాదు. మిగిలిన రెండింటి మీదనే గృహస్థుని ప్రయత్నమంతా ఉండాలి.

కరుగు కాలం

పొంగు కన్న కరుగు ఎక్కువ కీడు చేస్తుంది. వసంతంలో నేల పైనుండి కరగడం మొదలవుతుంది. పైపొర కరిగి నీరైనా, దాని కింద ఇంకా గడ్డకట్టిన పొర ఉండటం వలన ఆ నీటికి దిగే దారి ఉండదు. చలికాలమంతా కటకాలలో చేరిన నీరు ఒక్కసారిగా విడుదలై మట్టిని జావలా చేస్తుంది. ఆ సమయంలో దాని మీద కారు నిలిపితే చక్రాల గాడులు పడతాయి. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ వంటి రాష్ట్రాలలో వసంతకాలాన అనేక రహదారులపై భారీ వాహనాల బరువుకు పరిమితులు విధించడం ఇందుకే.

నేలంతా సమంగా లేచి సమంగా దిగితే ఎవరికీ ఇబ్బంది లేదు. తేడాగా లేవడమే నష్టం. గరాజు గోడల పునాది చలి దిగే లోతుకు దిగువన ఉంటుంది. దక్షిణ మిన్నెసోటాలో 42 అంగుళాలు, ఉత్తర మిన్నెసోటాలో 60 అంగుళాలు లోతున పునాది అడుగు ఉండాలని అక్కడి భవన నిబంధన. అందువలన ఇల్లు కదలదు, దాని ముందున్న డ్రైవ్‌వే కదులుతుంది. ఆ రెండూ కలిసేచోట గడప ఏర్పడుతుంది. మంచు ఊడ్చిన డ్రైవ్‌వే కింద చలి లోతుగా దిగుతుంది. పక్కనే పచ్చికపై మంచు దుప్పటిలా కప్పి ఉండటం వలన అక్కడ అంత లోతుకు దిగదు. చూరునీరు దింపే గొట్టం పేషియో పక్కనే ముగిస్తే ఆ మూలకు నీటి సరఫరా అధికం. ఒకే పేషియోలో ఒక మూల మాత్రమే లేవడానికి తరచు కనిపించే కారణం ఆ గొట్టమే.

కాంక్రీటును ఏకఖండంగా పోస్తే, ఇటువంటి తేడా కదలికకు అది బీటలు వారుతుంది. విడివిడి పేవర్లు కొద్దిపాటి కదలికను తమ సందులలో ఇముడ్చుకుంటాయి. చెదిరినచోట ఊడదీసి తిరిగి వేయవచ్చు. ఇది వాటి గొప్ప సుగుణం. కాని కింద పునాది సరిగా లేనప్పుడు ఈ సుగుణం అక్కరకు రాదు.

తవ్వకం, పునాది

పార పట్టకముందు చేయవలసిన పని ఒకటి ఉంది. అమెరికాలో 2007 నుండి అమలులో ఉన్న 811 నంబరుకు కొద్దిరోజుల ముందుగా ఫోను చేస్తే, గ్యాసు, విద్యుత్తు, టెలిఫోను తీగలు భూమిలో ఎక్కడున్నాయో ఆయా సంస్థల వారు వచ్చి గుర్తులు పెడతారు. దీనికి రుసుము లేదు. కెనడా రాష్ట్రాలలోను ఇటువంటి ఏర్పాటు ఉంది.

తరువాత వాటం. నీరు ఇంటికి ఎదురుదిశగా పారాలి. అడుగుకు పావు అంగుళం, అనగా సుమారు 2 శాతం వాలు మంచిది. 12 అడుగుల పేషియోకు ఈ లెక్కన 3 అంగుళాల పల్లం. ఈ వాలును పైన పరిచే ఇసుకతో తేవడానికి ప్రయత్నించరాదు. తవ్విన నేల, కంకర పునాది, రాళ్ళు అన్నీ ఒకే వాలులో ఉండాలి.

కంకర పునాది మందం ఎంత ఉండాలి? ఉత్తర అమెరికాలో పేవర్ పరిశ్రమ సంస్థ సూచించిన కనీస కొలతలు, నీరు బాగా ఇంకే నేలలో నడకదారులకు, పేషియోలకు 4 అంగుళాలు, ఇంటి డ్రైవ్‌వేలకు 6 అంగుళాలు. చలి ప్రాంతాలలోను, ఎప్పుడూ తడిగా ఉండే నేలలలోను దీనికి మరో 2 నుండి 4 అంగుళాలు చేర్చాలి. ఈ కొలతలన్నీ దట్టించిన తరువాతవి. వదులుగా పోసిన కంకర కొలత లెక్కలోకి రాదు.

42 అంగుళాల లోతుకు చలి దిగుతుంటే 10 అంగుళాల కంకర ఏమాత్రం సరిపోతుందని సందేహం కలగవచ్చు. కంకర పొర పొంగును పూర్తిగా నిర్మూలించదు. అది రాళ్ళ కిందనున్న నీటిని త్వరగా దింపుతుంది. వత్తిని తెంపినట్లు పైకెక్కే నీటిని అడ్డుకుంటుంది. కారు బరువును విశాలంగా పంచి, కరుగు కాలంలో మెత్తబడిన నేలను కాపాడుతుంది. కింద జరిగే కదలికను పైకి సమంగా అందిస్తుంది. అప్పుడు ముంగిలి కొద్దిగా లేచినా, మళ్ళీ తన చోటికి దిగుతుంది.

బంకమట్టి నేలలో మరొక జాగ్రత్త అవసరం. అక్కడ తవ్విన గుంట నీళ్ళ తొట్టెవలె అవుతుంది. పైనుండి ఇంకిన నీరు కంకరలో చేరి, బయటకు పోయే దారి లేక అక్కడే గడ్డకడుతుంది. గుంట పల్లపు అంచున చిల్లుల గొట్టం వేసి, దాని రెండవ కొసను పల్లపు ప్రదేశంలో బయటికి తీయాలి. మట్టికీ కంకరకూ మధ్య జియోటెక్స్‌టైల్ అనే గట్టి వస్త్రం పరచాలి. అది నీటిని పోనిస్తుంది గాని, వసంతంలో జావగా మారిన మట్టిని కంకరలోకి చొరనివ్వదు.

కంకరలో ముప్పావు అంగుళం ముక్కల నుండి సన్నని రేణువుల వరకు అన్ని పరిమాణాలు ఉండాలి. పెద్ద ముక్కల సందుల్లో చిన్నవి, వాటి సందుల్లో మరీ చిన్నవి అమరి గట్టిపడతాయి. నదిలో దొరికే గుండ్రని గులకరాళ్ళు పనికిరావు. అవి ఒకదానిపై ఒకటి జారిపోతాయి. కొట్టిన రాయికి కోణాలు ఉండటం వలన పరస్పరం పట్టు ఉంటుంది. అయితే పైన చెప్పిన కారణం చేత దుమ్ము మాత్రం మితంగా ఉండాలి.

కంకరను ఒక్కసారిగా పోసి దట్టించడం పనికిమాలిన పని. నాలుగు అంగుళాల చొప్పున పోసి, ఒక్కొక్క పొరను విడిగా దట్టించాలి. తెలుగునాట దిమ్మిసతో చేసే పనినే ఇక్కడ అద్దెకు దొరికే ప్లేట్ కంపాక్టర్ చేస్తుంది. తడి కూడా ముఖ్యమే. 1933లో కాలిఫోర్నియాకు చెందిన ఆర్.ఆర్. ప్రాక్టర్ అనే ఇంజనీరు, ప్రతి మట్టికీ అది అత్యధికంగా దట్టమయ్యే ఒకానొక తడి శాతం ఉంటుందని నిరూపించాడు. సున్నుండలు చుట్టిన ఇల్లాలికి ఈ సూత్రం కొత్త కాదు. నెయ్యి తక్కువైతే ఉండ విడిపోతుంది. ఎక్కువైతే జారి పరుచుకుంటుంది. పాకం కుదిరితేనే నిలుస్తుంది. పేవర్ల పునాదికి ప్రాక్టర్ ప్రమాణంలో కనీసం 98 శాతం సాంద్రత రావాలని పరిశ్రమ సూచన.

ఇంటి గోడ పక్క నాలుగైదు అడుగుల మేర మరింత శ్రద్ధ కావాలి. బేస్‌మెంటు కట్టేటప్పుడు తవ్వి, తిరిగి వదులుగా నింపిన మట్టి అది; కొత్త ఇళ్ళలో ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది. అక్కడ రాళ్ళు కుంగితే వాటం తిరగబడి, వాననీరు బేస్‌మెంటు గోడకు చేరుతుంది. ముంగిలి లోపం ఇంటి లోపంగా మారేది ఇక్కడే.

పునాది పూర్తయిన తరువాత 10 అడుగుల తిన్నని బద్దను దానిపై పెట్టి చూడాలి. బద్ద కింద సందు ఎక్కడా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు మించరాదు.

ఇసుక, రాళ్ళు, అంచు

పునాదిపై అంగుళం మందాన ఇసుక పరవాలి. ఇది కాంక్రీటుకు వాడే ముతక ఇసుక అయి ఉండాలి. పూతపనికి వాడే సన్న ఇసుక గాని, క్రషరు దుమ్ము గాని వాడరాదు. అవి నీటిని పట్టి ఉంచుతాయి. పట్టిన నీరు గడ్డకడుతుంది. పునాదిలోని పల్లాలను ఇసుకతో పూడ్చడం చాలామంది చేసే పొరపాటు. మందంగా ఉన్నచోట ఇసుక ఎక్కువ కుంగి, కప్పిపుచ్చిన పల్లం ఏడాది తిరగకుండానే పైన ప్రత్యక్షమవుతుంది. అంగుళం వెలుపలి వ్యాసం గల రెండు గొట్టాలను పట్టాలుగా పరిచి, వాటి మీదుగా బద్దను లాగితే ఇసుక సమంగా వస్తుంది. దానిపై కాలు పెట్టరాదు. రాళ్ళు పరవకముందు దట్టించరాదు.

ఇక రాళ్ళు. ఎ.ఎస్.టి.ఎం. సంస్థ సి 936 అనే ప్రమాణం ప్రకారం పేవర్లు సగటున చదరపు అంగుళానికి 8,000 పౌన్ల ఒత్తిడికి తట్టుకోవాలి. నీటిని సగటున 5 శాతానికి మించి పీల్చరాదు. ఈ రెండవ నియమమే శీతల ప్రాంతాలలో ప్రాణం వంటిది. పీల్చిన నీరు రాయిలోనే గడ్డకట్టి పైపొరను రాల్చివేస్తుంది. పేషియోలకు, ఇంటి డ్రైవ్‌వేలకు 60 మిల్లీమీటర్ల మందం చాలు. భారీ వాహనాలు వచ్చేచోట 80 మిల్లీమీటర్లు వాడతారు. డ్రైవ్‌వేకు చేపముల్లు వరస శ్రేష్ఠం. తిన్నని వరసలలో చక్రం తోపుడుకు రాళ్ళు ముందుకు జరుగుతాయి. చేపముల్లు వరసలో ప్రతి రాయి తన పొరుగురాళ్ళకు ఎదురు నిలుస్తుంది.

రాళ్ళ మధ్య రెండు నుండి ఐదు మిల్లీమీటర్ల సందు ఉంచాలి. అంతా పరిచి, అంచులు కోసి అమర్చిన తరువాత కంపాక్టరు నడిపితే రాళ్ళు ఇసుకలో కూర్చుంటాయి. పిమ్మట పొడి ఇసుకను సందులలోకి ఊడ్చి మరల కంపాక్టరు నడపాలి. సందులు నిండేవరకు ఇలాగే చేయాలి. ఆ సందుల ఇసుకే ఒక రాయి మీది బరువును పక్కరాళ్ళకు పంచుతుంది. తడిపితే గట్టిపడే పాలిమర్ ఇసుక కూడా దొరుకుతుంది. చీమలకు, కలుపుకు అది కొంత అడ్డుకట్ట. కాని తడపకముందే రాళ్ళపై మిగిలిన పొడిని పూర్తిగా ఊడ్చివేయకపోతే తెల్లని మరకలు మిగులుతాయి.

చుట్టూ అంచుకట్టు లేని పేవర్లు దారం తెగిన పూసలే. ప్లాస్టిక్ లేదా లోహపు అంచుపట్టీని పొడవాటి మేకులతో దిగగొట్టాలి. మేకు దిగేది దట్టించిన కంకరలోకి గాని, మట్టిలోకి కాదు. అందుకే పునాదిని రాళ్ళ అంచు దాటి, కనీసం తన మందమంత వెలుపలికి విస్తరింపజేయాలి. ఖర్చు తగ్గించడానికి మొదట కోత పెట్టేది ఈ విస్తరణకే. మొదట విచ్చుకునేదీ ఆ అంచే.

ఒక చిన్న లెక్క

గోడ వెంట 15 అడుగులు, బయటికి 12 అడుగులు ఉన్న పేషియో వైశాల్యం 180 చదరపు అడుగులు. పునాది మందం 8 అంగుళాలు అనుకుంటే, మూడు వైపుల 8 అంగుళాల విస్తరణ కలిపి తవ్వకం వైశాల్యం సుమారు 207 చదరపు అడుగులు. కంకర 8, ఇసుక 1, రాయి 2-3/8, మొత్తం లోతు 11-3/8 అంగుళాలు. తవ్వి పారవేయవలసిన మట్టి 7 ఘనగజాల పైమాట. దట్టించిన కంకర 5 ఘనగజాలు. దట్టించడంలో తగ్గుదలకు సుమారు ఐదవ వంతు కలిపితే వదులు కంకర 6 ఘనగజాలు, బరువు ఇంచుమించు 9 టన్నులు. ఇసుక అర ఘనగజానికి కొంచెం ఎక్కువ. కోతల్లో వ్యర్థమయ్యే వాటి కోసం నూటికి ఐదు నుండి పది రాళ్ళు అదనంగా కొనాలి. రాళ్ళ బరువు రెండున్నర టన్నులు మాత్రమే.

ఈ అంకెలు ఒక సత్యాన్ని చెబుతున్నాయి. కంటికి కనిపించేది రెండున్నర టన్నులు. కనిపించనిది తొమ్మిది టన్నులు. ఒకరి అంచనా మరొకరి అంచనా కన్న బాగా తక్కువగా ఉంటే, ఆ తేడా ఈ కనిపించని భాగంలోనే ఉండే అవకాశం ఎక్కువ. "పైన పటారం, లోన లొటారం" అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పని అప్పగించేముందు ఒప్పందపత్రంలో ఈ విషయాలు రాయించుకోవాలి: దట్టించిన తరువాత పునాది మందం ఎంత, ఎన్ని పొరలుగా దట్టిస్తారు, కంకర రకమేమిటి, వస్త్రం వేస్తారా, నీరు ఎక్కడికి పోతుంది, అంచుపట్టీ కింద కంకర ఉంటుందా. పని జరిగే రోజుల్లో, రాళ్ళు పరవకముందు, ఒక స్కేలు పట్టుకుని వెళ్ళి చూడటానికి మొహమాటపడనక్కరలేదు. గడ్డకట్టిన నేలపై గాని, గడ్డలు కట్టిన ఇసుకతో గాని పని చేయనివ్వరాదు.

శీతకాల సంరక్షణ

మంచు పారకు ప్లాస్టిక్ లేదా రబ్బరు అంచు ఉంటే రాళ్ళు గీతలు పడవు. సాధారణ ఉప్పు సుమారు 15 డిగ్రీల ఫారన్‌హీట్ వరకే చురుకుగా పనిచేస్తుంది. అంతకు మించిన చలిలో కాల్షియం క్లోరైడు వాడతారు. ఏ లవణమైనా మితంగా చల్లి, కరిగిన బురదను వెంటనే తోసివేయాలి. అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు ఉన్న ఎరువులను మంచు కరిగించడానికి ఎన్నడూ వాడరాదు. అవి కాంక్రీటును తినివేస్తాయి. జారకుండా ఉండటమే ప్రయోజనమైతే ముతక ఇసుక చాలు. ఉప్పునీరు పారే దిక్కున వేసవిలో గోంగూర మడి వేసే ఆలోచన ఉన్నవారు ఆ సంగతి కూడా గమనించాలి.

మొదటి ఏడాది రాళ్ళపై తెల్లని పొడివంటి పూత కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. కాంక్రీటులోని సున్నం నీటితో పైకి వచ్చి ఏర్పడే పూత అది. రాయికి హాని చేయదు. కాలక్రమేణా వానలకు పోతుంది. ప్రతి వసంతంలో సందులలో ఇసుక తగ్గినచోట నింపడం, చూరుగొట్టాల నీరు పేషియోకు దూరంగా పోతున్నదో లేదో చూడటం, ఈ రెండు పనులు ఒక్క పూటలో పూర్తవుతాయి.

ఆరంభంలో ఊహించిన కుటుంబం వద్దకు తిరిగి వెళితే, వారి పేషియో చెడిపోలేదన్నది ఆశ్చర్యకరమైన సంగతి. రాళ్ళు ఒక్కటీ పగలలేదు. ఒక రాయిని రెండు స్క్రూడ్రైవర్లతో సందులలోంచి పైకి లేపితే, మిగిలినవి చేతితోనే వస్తాయి. కింద చూస్తే కంకర రెండంగుళాలే ఉంటుంది. దాని కింద తడి ఒండ్రుమట్టి. చూరుగొట్టం ఆ మూలలోనే ముగుస్తూ ఉంటుంది. మట్టిని తగినంత లోతుకు తీసి, వస్త్రం పరిచి, కంకర పొరలు పొరలుగా దట్టించి, గొట్టాన్ని అవతలికి పొడిగించి, అవే రాళ్ళను తిరిగి పరిస్తే సరిపోతుంది. మిత్రులు నలుగురు తోడైతే కొద్ది వారాంతాల పని. వచ్చే మే నెలలో అమ్మమ్మగారు చెంబు పట్టుకుని తులసి కుండీ వద్దకు నడిచేటప్పుడు, కాళ్ళ వైపు చూసుకోవలసిన అవసరం ఆమెకు ఉండదు.